నలుగురి గదిలో పుట్టిన పాట ఆన్‌లైన్‌కి వెళ్తే ఎవరిది?

శ్రీకూర్మం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ పేటకి వెళ్లినా పాటకి పెద్ద సరంజామా ఏమీ కనబడదు. ఒకరి డాబా, ఇంకొకరి బ్లూటూత్ స్పీకరు, మరొకరి ఫోను ఉంటే చాలు. పుట్టినరోజు అయినా, పెళ్లికి ముందు రాత్రి అయినా, ఏప్రిల్ 14 అయినా నలుగురు చేరతారు. ఒకడు డప్పు అందుకుంటాడు, ఒకమ్మాయి గొంతు కలుపుతుంది, ఎవరో ఒకరు ఫోను గోడకి ఆనించి లైవ్ పెడతారు. హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోయిన అన్న, చెన్నైలో హోటల్లో చేస్తున్న తమ్ముడు, విశాఖలో హాస్టల్లో ఉన్న చెల్లి ఆ లైవ్‌లోకి వచ్చి పాట అడుగుతారు. అక్కడితో ఆ డాబా ఒక ఇంటి డాబాగా ఉండిపోదు, ఒక సంఘం అవుతుంది.

ఇది ఇక్కడే జరుగుతున్న వింతేమీ కాదు. ప్రపంచంలో గత యాభై ఏళ్లలో వచ్చిన పెద్ద పెద్ద సంగీత ఉద్యమాలు కొన్ని ఇలా ఇళ్లల్లోనే, స్నేహితుల పార్టీల్లోనే పుట్టాయి. పుట్టిన తర్వాత వాటికి ఏమైంది, ఎవరికి పేరొచ్చింది, ఎవరికి డబ్బొచ్చింది, ఎవరు తలుపు బయటే ఉండిపోయారు అన్నది దళిత విద్యార్థులూ కార్యకర్తలూ తెలుసుకుని తీరాల్సిన చరిత్ర. రేపు మన డాబాకీ అదే ప్రశ్న వస్తుంది. కొన్నింటికి ఇప్పటికే వచ్చింది.

ముందు గది సంగతి. మన పక్కనే విజయనగరంలో 1919లో రాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఆ సంగీతం గొప్పది కాదని ఎవరం అనం. కానీ దానికి ఒక భవనం ఉంది, జీతం ఉంది, పట్టా ఉంది, వందేళ్లు దాటిన చిరునామా ఉంది. అదే జిల్లాలో డప్పుకీ, జముకుకీ, బ్యాండు మేళానికీ ఉన్న చిరునామా ఏమిటి? ఊరికి చావు కబురు వస్తే డప్పు. జాతర వస్తే డప్పు. వాయించిన చేతుల్ని గర్భగుడి సంగతి అటుంచి ఊరి నడిబొడ్డు దాకా కూడా రానివ్వని రోజులు మన తాతలు చూశారు. మనకి సభాభవనం లేదు కాబట్టి పెళ్లి పందిరే మన వేదిక అయింది. చావింటి వాకిలి మన సాధన గది అయింది. ఇంటి పార్టీ అన్న మాట పైకి తేలిగ్గా వినబడుతుంది గానీ, వేరే గది ఇవ్వని సమాజంలో ఇల్లే కచేరీ హాలు అవుతుంది.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో సరిగ్గా ఇదే జరిగింది. జమైకా నుంచి 1967లో వలస వచ్చిన కుటుంబంలో క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు ఉండేవాడు. డీజే కూల్ హెర్క్ అంటే అతనే. అతని చెల్లెలు సిండీకి బడి తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోడానికి డబ్బు కావాలి. 1973 ఆగస్టు 11న తాము ఉండే అపార్టుమెంటు, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ, దాని కింద అందరూ వాడుకునే గదిని తీసుకుని పార్టీ పెట్టింది. చిన్న చిన్న కార్డుల మీద చేత్తో రాసిన ఆహ్వానాలు పంచారు. ప్రవేశం ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. హెర్క్ అప్పటికి జనం దేనికి ఎక్కువ ఊగుతున్నారో గమనించాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే ముక్క వచ్చినప్పుడు వాళ్లు ఆగలేరు. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఒకటి అయిపోగానే రెండోదాని మీద మళ్లీ అదే ముక్క వేసి, ఆ దరువుని సాగదీశాడు. హిప్‌హాప్ అని ఇవాళ మనం పిలిచేదానికి ఆ రాత్రిని పుట్టినరోజుగా చెప్పుకుంటారు.

చుట్టూ పరిస్థితి ఏమిటన్నది మరిచిపోకూడదు. బ్రాంక్స్ గుండా ఎక్స్‌ప్రెస్ రహదారి వేయడానికి వేలాది పేద కుటుంబాల్ని లేపేశారు. మిగిలిన భవనాల్ని యజమానులు వదిలేశారు, కొన్ని కాలిపోయాయి. నల్లజాతి పిల్లలకీ, ప్యూర్టోరికో పిల్లలకీ ఊరి మధ్యనున్న క్లబ్బుల్లోకి పోయే డబ్బూ లేదు, రానిచ్చే మర్యాదా లేదు. అంతకు యాభై ఏళ్ల ముందే హార్లెమ్‌లో నల్లజాతి కుటుంబాలు అద్దె కట్టడానికి ఇంట్లో పియానో పార్టీలు పెట్టి తలా కొంచెం వసూలు చేసేవి. ఇంటి పార్టీ వాళ్లకి సరదా ఒక్కటే కాదు, బతుకు లెక్క కూడా.

ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో ఈ పార్టీలు కేసెట్ల మీద ఊరంతా తిరిగాయి. పార్టీలో రికార్డు చేసిన టేపు ట్యాక్సీ డ్రైవరు దగ్గరికి, అక్కడినుంచి ఇంకో పేటకి, ఇంకో నగరానికి పోయేది. మనకి గద్దర్ పాటలు, జననాట్యమండలి పాటలు అలాగే కదా వచ్చాయి! ఊళ్లో ఒక్కరి దగ్గర టేప్‌రికార్డరు ఉంటే పేట మొత్తానికి కేసెట్టు అందేది. గదిని బయటికి మోసుకుపోయే పరికరం మారిందే తప్ప, చేసే పని పాతదే.

తర్వాత ఏమైందో చూడండి. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో 'ర్యాపర్స్ డిలైట్' రికార్డు వచ్చింది. దేశం మొత్తం విన్న మొదటి ర్యాప్ పాట అది. అందులో ఒకడు పాడిన చరణాలు బ్రాంక్స్‌లో పార్టీలు చేసే గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే మరొకరి నోటు పుస్తకంలోవి. కాజ్‌కి పేరూ లేదు, పైసా లేదు. కూల్ హెర్క్ సంగతి ఇంకా ఘోరం. 2011లో అనారోగ్యం పాలైతే ఆరోగ్య బీమా లేక జనం సాయం కోరాల్సి వచ్చింది. లక్షల కోట్ల పరిశ్రమకి పునాది రాయి వేసినవాడికి ఆసుపత్రి బిల్లు కట్టే దిక్కు లేకపోయింది. గది నుంచి బయటికి వెళ్లే పాట దారిలో ఎవరి చేతుల్లో పడుతుందో ముందే అనుకోకపోతే జరిగేది ఇదే.

ఇప్పుడు ఇంటర్నెట్ కాలానికి వద్దాం. 2010 మార్చిలో తూర్పు లండన్‌లో బ్లేజ్ బెల్‌విల్ అనే యువకుడు ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి, పాతబడి వదిలేసిన ఒక బాయిలర్ గదిలో డీజే సెటప్ పెట్టాడు. గోడకి టేపుతో వెబ్‌క్యామ్ అంటించి ఆన్‌లైన్‌లో లైవ్ ఇచ్చాడు. దాని పేరే 'బాయిలర్ రూమ్'. వేదిక ఉండదు. డీజే కెమెరా వైపు తిరిగి ఉంటాడు, స్నేహితులు వెనకాల నిలబడి ఆడుతుంటారు, చూసేవాళ్లకి తామూ ఆ గదిలోనే ఒక మూల ఉన్నట్టు అనిపిస్తుంది. మన డాబా లైవ్‌లు తెలియకుండానే ఈ మోడల్‌లోనే నడుస్తున్నాయి. అది ఆ తర్వాత ప్రపంచంలోని ఎన్నో నగరాలకి వెళ్లింది. 2018లో పాలస్తీనాలోని రమల్లాలో సమా అబ్దుల్‌హాదీ వాయించిన సెట్ లక్షలాది మందికి ఆ దేశం నుంచి వార్తల్లో కనబడని ఒక దృశ్యం చూపించింది.

అదే లండన్‌లో ఇంకో కథ కూడా నడిచింది, అది మనకి బాగా తెలిసిన కథ. 2005 నుంచి అక్కడి పోలీసులు 'ఫారం 696' అనే కాగితం పెట్టారు. సంగీత కార్యక్రమం పెట్టేవాళ్లు పాడేవాళ్ల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు ముందే ఇవ్వాలి. మొదట్లో ఏ రకం సంగీతం, ఏ జాతి జనం వస్తారు అని కూడా అడిగారు. జాతి ప్రశ్న విమర్శలొచ్చాక తీసేశారు గానీ, ఫారం మొత్తం రద్దయింది 2017 నవంబర్‌లోనే. నల్లజాతి కుర్రాళ్ల గ్రైమ్, ర్యాప్ కార్యక్రమాలు దీనివల్ల ఎన్నో రద్దయ్యాయని కళాకారులు చెబుతూనే వచ్చారు. అంబేడ్కర్ జయంతి ఊరేగింపుకి డీజే పర్మిషన్ కోసం స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లకి ఈ ఫారం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. బయట వాయించనివ్వనప్పుడు జనం లోపలికి పోతారు. లోపల కెమెరా పెడితే మళ్లీ బయటికి వస్తారు.

బాయిలర్ రూమ్ కథ అక్కడితో ఆగలేదు. 2021లో డైస్ అనే టికెట్ల సంస్థ దాన్ని కొంది. 2025 జనవరిలో అది సూపర్‌స్ట్రక్ట్ అనే పెద్ద ఉత్సవాల కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీని అంతకు ముందు ఏడాదే కేకేఆర్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కొనుక్కుంది. కేకేఆర్‌కి ఇజ్రాయెల్‌లో పెట్టుబడులున్నాయని చెప్పి చాలామంది కళాకారులు బాయిలర్ రూమ్‌ని బహిష్కరించారు. రమల్లాలో కెమెరా పెట్టి పేరు తెచ్చుకున్న గది ఆ విధంగా ఎవరి ఖాతాలోకి చేరిందో గమనించండి. గదిలో ఆడిన స్నేహితుల్ని ఎవరూ అడగలేదు. వాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు మరి.

దీని పక్కన 'సోఫార్ సౌండ్స్' ని పెట్టి చూడాలి. 2009లో లండన్‌లోనే ఒకరింట్లో ముందు గదిలో నేల మీద కూర్చుని మాట్లాడకుండా పాట వినే చిన్న సమావేశంగా మొదలైంది. ఇళ్లు ఇచ్చేవాళ్లు ఇచ్చారు, కుర్చీలు సర్దేవాళ్లు సర్దారు, అంతా స్నేహం మీదే. మెల్లగా అది వందల నగరాల్లో టికెట్లు అమ్మే కంపెనీ అయింది. టికెట్లు వచ్చాయి, పెట్టుబడి వచ్చింది. కార్యక్రమం నడిపే కుర్రాళ్లు మాత్రం వలంటీర్లుగానే మిగిలారు. న్యూయార్క్ రాష్ట్ర కార్మిక శాఖ విచారణ చేశాక, 2020లో ఆ కంపెనీ 654 మందికి కలిపి 4,60,000 డాలర్లకి పైగా చెల్లించడానికి ఒప్పుకుంది. అక్కడ వలంటీరు అన్నారు. మన ఊళ్లో ఇదే పనికి పాత పేరు వెట్టి. ఇష్టంగా చేసిందే అయినా, ఎవరో ఒకరు దాని మీద డబ్బు చేసుకుంటున్నప్పుడు మన శ్రమకి జీతం లేకపోతే దానికి వేరే పేరు వెతకనక్కర్లేదు. తరతరాలుగా చావు డప్పు ఉచితంగా కొట్టించుకున్న ఊళ్ల నుంచి వచ్చిన మనం ఈ ఒక్క విషయంలో మొహమాటపడకూడదు.

దక్షిణాదిలో దీనికి దగ్గర అనుభవం చెన్నైది. ఉత్తర చెన్నై పేటల్లో గానా పాట చావిళ్ల దగ్గర రాత్రంతా పాడుతూ పెరిగింది. పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం తరఫున, సంగీత దర్శకుడు టెన్మాతో కలిసి, గానా పాడేవాళ్లనీ, పరై వాయించేవాళ్లనీ, ర్యాప్ చెప్పేవాళ్లనీ ఒక చోట చేర్చి 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' పెట్టాడు. 2018 జనవరి 6న చెన్నైలో మొదటి కచేరీ. 'కులం లేని తమిళులు' అన్న అయోతిదాస్ పండితుడి మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. రిజర్వేషన్ మీద, పరువు హత్యల మీద, మాన్‌హోల్ చావుల మీద పాటలు కచేరీ వేదిక ఎక్కాయి, అక్కడినుంచి యూట్యూబ్‌లో దేశమంతా తిరిగాయి. చావింటి వాకిట్లో పాడే గొంతుని ఐఐటీ పిల్లలు ఇయర్‌ఫోన్లలో విన్నారు.

ఆ బృందంలో పాడిన అరివు ధీతో కలిసి చేసిన 'ఎంజాయ్ ఎంజామీ' 2021 మార్చిలో వచ్చింది. అది అతని నాయనమ్మల తరం కథ. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, చేతిలో భూమి లేకుండా తిరిగొచ్చిన వాళ్ల కథ. కోట్లాది మంది విన్నారు. కొద్ది నెలలకే రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద ధీ, ఇంకో గాయకుడు ఉన్నారు, అరివు లేడు. పా. రంజిత్ అది బహిరంగంగా ప్రశ్నించాడు. 2022లో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడినప్పుడూ వేదిక మీద అరివు లేడు. పాట రాసింది, కట్టింది, పాడింది తానేనని అరివు రాస్తే, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, ధీ తమ వాదన తాము చెప్పారు. 2024 మార్చిలో సంతోష్ నారాయణనే, ఈ పాట మీద తమ ముగ్గురికీ అప్పటిదాకా పైసా రాలేదని వీడియోలో ప్రకటించాడు. ఎవరిది ఎంత వాటా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సింది. మనకి కావలసిన పాఠం వేరు. పరిచయం, ప్రేమ, ఒకే ఆశయం ఉన్నంత మాత్రాన కాగితం అక్కర్లేదనుకుంటే, పాట పెద్దదయ్యాక మొదట చెరిగిపోయేది పేట నుంచి వచ్చినవాడి పేరే.

మన ఉత్తరాంధ్రకి వస్తే పాటకి ఉన్న చరిత్ర మామూలుది కాదు. ఒక వైపు తోలు బిగించి, లోపలినుంచి నరం లాగి మీటే జముకుని సుబ్బారావు పాణిగ్రాహి ఉద్యమం చేతికి ఇచ్చాడు. బొడ్డపాడు చుట్టూ జముకుల కథ చెప్పి, 1969 డిసెంబర్‌లో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఇక్కడి యాసనే పాటకి ఆయుధం చేసుకున్నాడు. ఆయన పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' ఊరూరా తిరిగింది. 2009లో మగధీర సినిమా వచ్చినప్పుడు తన పాటని అనుమతి లేకుండా వాడారని ఆయన అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. అంత పేరున్న వాగ్గేయకారుడికే ఆ గతి పడితే, పేరు లేని జాతర గొంతుల సంగతి ఊహించుకోండి.

2020 మార్చిలో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' లో నాయకులు ఇద్దరూ దళితులైన జానపద కళాకారులు. తెలుగు సినిమాలో అది అరుదు. రఘు కుంచె సంగీతంలో ఇక్కడి జానపదం నక్కిలీసు గొలుసు పాట సోషల్ మీడియాలో ఊగిపోయింది. నిన్నటిదాకా శ్రీకాకుళం యాసని ఎగతాళికి వాడుకున్నవాళ్లే దానికి రీల్స్ చేశారు. సంతోషమే. కానీ ఇలాంటి పాటల్ని ఇన్నాళ్లూ నోటికి నోటికి మోసుకొచ్చిన ముసలమ్మల పేర్లు ఏ వీడియో కిందా కనబడవు. 'జానపదం' అన్న ఒక్క మాట రాసేస్తే బాధ్యత తీరిపోతోంది. ఎవరి పేటలో, ఎవరి గొంతులో విన్నారు అన్నది రాయడానికి ఖర్చేమీ అవదు.

ఇక చట్టం. ఇది విసుగ్గా ఉంటుంది గానీ చదవండి. కాపీరైట్ చట్టం ప్రకారం జానపదానికి యజమాని ఉండడు. మీరు దానికి కొత్త చరణం రాస్తే ఆ చరణం మీది. కొత్త బాణీ కడితే బాణీ మీది. పాడితే, వాయిస్తే మీకు ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ధ్వని రికార్డింగ్‌కి మాత్రం చట్టం దృష్టిలో కర్త దాన్ని తయారు చేయించిన నిర్మాత. అంటే స్టూడియో ఖర్చు ఎవరు పెట్టారన్నది చాలా పెద్ద విషయం. డాబా మీద సొంత ఫోనుతో రికార్డు చేసినంతకాలం అది మీ చేతిలో ఉంటుంది. 'మంచి మైకు ఉంది, మా చానల్లో పెడతాం రండి' అని ఎవరైనా పిలిచిన రోజు ఆ రికార్డింగ్ వాళ్లది అవుతుంది.

హక్కు రాసివ్వడం నోటి మాటతో చెల్లదు, సంతకం ఉన్న కాగితం కావాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకి అని రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కుని వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎంతమంది ఐదు వేలకి, పది వేలకి పాట 'పూర్తిగా అమ్మేశాం' అనుకుంటున్నారో!

రెండో చట్టం ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. గదికీ ఆన్‌లైన్‌కీ మధ్య తేడా ఇక్కడ చాలా పదునుగా కనబడుతుంది. కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే అది 'ప్రజల దృష్టిలో' జరగాలి. 2020 నవంబర్‌లో హితేష్ వర్మ కేసులో సుప్రీం కోర్టు, బయటివాళ్లు ఎవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ పరిధిలోకి రాదని చెప్పింది. ఆ తీర్పు మీద మనకి అభ్యంతరాలున్నాయి, అవి వేరే చర్చ. 2022లో కేరళ హైకోర్టు, ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలో చేసిన కుల దూషణ ప్రజల దృష్టిలో చేసినట్టేనని చెప్పింది. బాధితులు అప్పుడు ఎదురుగా ఉండక్కర్లేదని కూడా చెప్పింది. కాబట్టి మీ లైవ్ కింద ఎవడైనా కులం పేరు పెట్టి కామెంటు రాస్తే బాధపడి డిలీట్ చేసి ఊరుకోకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, లింకు, తేదీ, సమయం, అకౌంటు పేరు రాసి పెట్టుకోండి. ఆ తర్వాత తీసేయండి.

2015 సవరణతో ఈ చట్టంలోకి ఇంకో ముఖ్యమైన మాట చేరింది. జాతరలతో సహా మత, సామాజిక, సాంస్కృతిక ఊరేగింపుల్లో పాల్గొనకుండా, అవి తీయకుండా దళితుల్ని అడ్డుకోవడం నేరం. పెళ్లి ఊరేగింపు కూడా అందులో ఉంది. శబ్దం విషయంలో 2000 నాటి నిబంధనలు అందరికీ ఒకటే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఇది ఉత్సవం మైకుకీ, మన డాబాకీ ఒకే రకంగా వర్తించాలి. వర్తించనప్పుడు అడగడానికి ఈ అంకెలు నోటికి వచ్చి ఉండాలి. రాత్రి పదయ్యాక బాక్సులు ఆపి ఇయర్‌ఫోన్ల మీద లైవ్ కొనసాగించడం ఆన్‌లైన్‌కి ఉన్న ఒక సుఖం.

ఫోనులో మోగే పాట కూడా మనకి ప్రాణాంతకం అయిన దేశం ఇది. 2015 మేలో షిర్డీలో నర్సింగ్ చదువుతున్న ఒక దళిత యువకుణ్ణి కొట్టి చంపారు. అతని ఫోను రింగ్‌టోను అంబేడ్కర్ మీద పాట కావడమే గొడవకి మొదలు అన్నది కేసు. అందుకే, ఏదైనా పెట్టేయొచ్చు, ఎవరికి భయం అనే మాట ఊరికే అనకూడదు. డాబా మీద పాడుతున్న పిల్లల వెనకాల ఇల్లు, వీధి మలుపు, గుడి గోపురం కనబడితే ఆ చోటు ఏదో ఊరివాళ్లకి క్షణంలో తెలుస్తుంది. శ్రీకూర్మం లాంటి చిన్న ఊళ్లో అయితే మరీనూ. యాత్రికులు వచ్చి గుడి దగ్గర తాబేళ్లని ఫొటోలు తీసుకుపోతారు, పేటలో ఎవరు ఏ లైవ్‌లో ఏమన్నారన్నది ఊరి పెద్దలు గుర్తుపెట్టుకుంటారు. వెనక ఒక గుడ్డ కట్టడం పిరికితనం కాదు. చదువుకునే పిల్లల మొహాలు చూపించాలా వద్దా అన్నది వాళ్లనీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ అడిగి తేల్చుకోవాలి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. గదిలో నలుగురూ అన్నదమ్ముల్లా ఉంటారు కాబట్టి పాడిన అమ్మాయి, లైవ్‌లో వెయ్యి మంది తెలియని మగాళ్ల కామెంట్ల మధ్య పాడాల్సి వస్తుంది. 2016లో బాయిలర్ రూమ్‌లోనే ఒక మహిళా డీజే వాయించినప్పుడు కామెంట్లు ఎంత నీచంగా వచ్చాయంటే, ఆ సంస్థ చాట్ మీద కాపలా పెంచుతామని చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర దానికి కులం కూడా తోడవుతుంది. లైవ్ నడిచినంతసేపూ ఫోను పట్టుకుని కామెంట్లు చూసే పని ఒకరికి అప్పగించాలి. ఆ పని మళ్లీ ఇంకో అమ్మాయి నెత్తిన వేయకండి, అబ్బాయిలు చేయండి. ఏది పెట్టాలి, ఏది తీసేయాలి అని నిర్ణయించే అడ్మిన్లలో సగం మంది ఆడపిల్లలు ఉండాలి.

మన దగ్గర ఇది నిలబడడానికి బలమైన కారణం వలస. స్నేహితుల గుంపు ఇంటర్ అయ్యేదాకా ఒకే డాబా మీద ఉంటుంది, ఆ తర్వాత చెల్లాచెదురవుతుంది. పాట అలవాటున్న గుంపుకి మాత్రం మళ్లీ కలిసే వంక ఒకటి ఉంటుంది. వారానికి ఒక రాత్రి, ఒకే సమయానికి లైవ్ పెడితే చాలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు డీ-నైస్ అనే డీజే లాస్ ఏంజిల్స్‌లో తన ఇంట్లోంచి ఇన్‌స్టాగ్రామ్ లైవ్ పెట్టాడు. కొద్ది రోజుల్లోనే లక్ష మందికి పైగా ఒకేసారి చేరారు. జనం అంతగా రావడానికి వచ్చినవాళ్లని పేరు పెట్టి పలకరించడం కూడా కారణం. మన లైవ్‌లకి పాతిక మంది వస్తే చాలు, ఆ పాతిక మందినీ పేరుతో పలకరించగలం. నెట్ ఖర్చు మాట కూడా ఉంది. పని చోట వైఫై లేనివాళ్లకి వీడియో బరువు, అందుకని ఆడియో ఒక్కటే విడిగా వాట్సాప్‌లో పంపితే వింటారు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, మొదటి రెండేళ్లకి అది ఎక్కువే.

డబ్బు ఎప్పుడొస్తుందన్న ప్రశ్న అందరూ అడుగుతారు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. పార్టీలో సినిమా పాటలు వేసి లైవ్ పెడితే కంటెంట్ ఐడీ అనే యంత్రం వాటిని పట్టేస్తుంది, వచ్చే ఆదాయం ఆ పాటల కంపెనీకి పోతుంది. సినిమా పాటలు పార్టీకి ఉంచుకుని, లైవ్‌లో మాత్రం మన డప్పు, మన గొంతు, మనం రాసుకున్నది పెట్టడం ఆశయం కోసమే అక్కర్లేదు, లెక్క ప్రకారం కూడా లాభమే.

మొదటి లైవ్‌కి ముందే ఒక తెల్లకాగితం మీద రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చానల్ ఎవరి మెయిల్ మీద ఉంది, పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంది. పాట రాసినవారు, కట్టినవారు, పాడినవారు, వాయించినవారు, ఫోను పట్టుకున్నవారు ఎవరు. రూపాయి వస్తే ఎవరికెంత. డాబా ఇచ్చిన ఇంటివాళ్ల కరెంటు బిల్లులో వాటా ఎంత. ఎవరైనా గుంపు వదిలి వెళ్లిపోతే వాళ్ల పాటలు ఉంచాలా, తీసేయాలా. పేట పెద్దావిడ దగ్గర నేర్చుకున్న పాటైతే ఆవిడ పేరు, ఆవిడ వాటా. అందరూ సంతకం పెట్టి, తేదీ వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టుకోవాలి. డప్పు కొట్టేవాడికి సంతకం రాకపోతే వేలిముద్ర వేయించి, అందులో ఏముందో పైకి చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా రికార్డు చేయండి.

చానల్ ఏ రోజైనా పోవచ్చు. నాలుగు తప్పుడు ఫిర్యాదులు కలిసి వస్తే చాలు. అందుకని ప్రతి పాట అసలు ఫైలు ఒక హార్డ్‌డిస్క్‌లో, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడి దగ్గర ఉంచండి. ఫైలు పేరులోనే తేదీ, ఊరు, పాడినవారి పేరు ఉండాలి. మన అమ్మమ్మల పాటల్లో ఎక్కువ భాగం ఇప్పటికే వాళ్లతో పాటు పోయాయి, వాళ్లు పాడేటప్పుడు పేటలో టేప్‌రికార్డరు లేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. డెబ్బై దాటినవాళ్లతో మొదలుపెట్టండి.